గుంపు ప్రాజెక్టు

నేను చెప్పే సంగతుల్లో సగం కోసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేసుకుని నమ్మాలని మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. ఆ లెక్క పెట్టింది మా ఆవిడ. ఇప్పుడు రాయబోయేది నిజమేనని నేను ఒట్టు పెట్టినా ఆమె చదివి నవ్వుతుంది. నవ్వనీ. ఇందులో నేను కల్పించింది ఒక్క మొసలిని మాత్రమే. మిగతాదంతా నకిరేకల్‌కు కాస్త ఎడంగా ఉన్న ఒక ఊళ్ళో, నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో జరిగింది. ఎట్లా జరిగిందో చెప్పగలను గానీ, అందులో ఎవరి తప్పు ఎంతో నాకు ఇవాళ్టికీ అంతుపట్టలేదు.

మాది పాలమూరు జిల్లా, ఆత్మకూరు దిక్కు, కృష్ణ ఒడ్డు. నేను చదివిందంతా ఉర్దూలో. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో మాట ఉర్దూ, కలలు ఏ భాషలో వచ్చేవో గుర్తులేదు. నౌకరీలో చేరిన కొన్నేళ్ళకే రాజ్యం మారింది, ఆ తర్వాత రాష్ట్రం మారింది, చదువు తెలుగులోకి మారింది. నిన్నటిదాకా జుగ్రాఫియా అన్న నోటితో తెల్లారి భూగోళశాస్త్రం అనాలి. ముసల్లస్ గీసిన చేత్తో త్రిభుజం గీయాలి. గీత అదే గానీ పేరు కోసం తడుముకునేవాణ్ణి. పిల్లలకంటే ఒక్క పేజీ ముందు చదువుకుని క్లాసుకు పోయేవాణ్ణి. ఆ పేజీ అయిపోతే ఏదో ఒక కథ అల్లి గంట కొట్టేదాకా లాగేవాణ్ణి. అబద్ధాల పంతులని నాకు పేరు రావడానికి సగం కారణం అదే. మిగతా సగం నా స్వభావం.

మా పెద్దసారు కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినాయన. తెల్లటి పంచె, మాటకు ముందు 'ఏవండీ', మాట చివర 'అండీ'. చాలా మంచివాడు. ఆయన మాటల్లో సగం నాకు, నా మాటల్లో సగం ఆయనకు అర్థమయ్యేవి. ఆ రెండు సగాల మీద బడి నడిచేది.

ఒకసారి ఆయన నల్లగొండలో శిక్షణకని పోయి, ముఖం వెలిగించుకుని తిరిగొచ్చాడు.

"ఏవండీ, ఇకనించీ పాఠం మనం చెప్పడం కాదండీ. పిల్లలే బృందాలుగా కూర్చుని, వెతుక్కుని, తయారుచేసి నేర్చుకోవాలి. దీన్ని ప్రాజెక్టు పద్ధతి అంటారు. ముందు బాగా చురుకైన పిల్లల్ని ఏరండి. వాళ్ళకి ప్రపంచ వింతలు ఇవ్వండి. వచ్చే శనివారం ప్రదర్శన పెట్టి ఊరివాళ్ళని పిలుద్దాం."

"చురుకైనోళ్ళని ఎట్ల గుర్తుపట్టాలె సార్?"

"అది మీకే వదిలేస్తున్నానండీ."

నాకు వదిలేయడమే ఆయన చేసిన పొరపాటనుకుంటాను.

మరునాడు ఐదో తరగతిలో మా కృష్ణలోని మొసలి సంగతి చెప్పాను. పెళ్ళివారు ఎక్కిన పుట్టి నడి ఏట్లో బోల్తా పడితే అందులోని డప్పును ఒక మొసలి మింగిందనీ, అప్పటినుంచి అది నీళ్ళలో కదిలినప్పుడల్లా కడుపులోంచి డప్పు మోగుతుందనీ, ఆ మోతను బట్టే మా ఊరి ఆడవాళ్ళు ఏ రేవులో బట్టలుతకాలో తేల్చుకుంటారనీ చెప్పాను. నమ్మి నోరు తెరిచినవాళ్ళను అట్లాగే కూర్చోనిచ్చి, నమ్మనివాళ్ళను పక్కకు తీశాను. నేను చెప్పింది నమ్మకపోవడాన్ని మించిన తెలివి నాకు అప్పుడు తోచలేదు. మగ్గాల వాడ పిల్లలు నలుగురు "అబద్ధం సార్!" అని ఒక్కసారే లేచారు. వెనక బెంచీలోంచి మరో ముగ్గురు కిసకిసా నవ్వారు. ఒక పిల్ల మాత్రం నవ్వలేదు, నోరూ తెరవలేదు. కనుబొమలు ముడేసి కూర్చుంది.

"నీకేమనిపిస్తాందే?" అన్నాను.

"డప్పు దానంతట అది మోగదు గద సార్. కొట్టెటోడు గుడ లోపలనే ఉన్నడా?"

నా కథలో ఆ బొక్క నాకే కనబడలేదు. ఆ పిల్లను అందరికంటే ముందు రాసుకున్నాను.

ఊరి చివర కూలి చేసుకుని బతికే ఇళ్ళలోంచి వచ్చేది ఆమె. తల్లి నాట్లకూ కోతలకూ పోతుంది. తండ్రి ఊళ్ళో లేడు. నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్ట కడుతున్న రోజులవి. నల్లగొండ జిల్లాలోంచీ, మా పాలమూరులోంచీ కూలీలు గుంపులు గుంపులుగా అక్కడికి పోయేవారు. గుంపును వెంటపెట్టుకుపోయేవాణ్ణి మేస్త్రీ అంటారు. ఈ పిల్ల తండ్రి కూడా ఒక మేస్త్రీ వెంట పోయాడు. దసరాకు వస్తానన్నాడు, రాలేదు. సంకురాత్రికన్నాడు, అదీ దాటింది. ఆ పిల్లకు చదువు మీద ఎంత ధ్యాస ఉందో, ఊరి బస్సు ఆగే చోటు మీద అంతకు రెట్టింపు ఉందని బడిలో అందరికీ తెలుసు.

ఇన్ని తెలిసినవాణ్ణి, మరి ఆ రోజు నోరెట్లా జారిందో!

"మీరు ఇయ్యాల్టి సంది బృందాలు" అన్నాను ఏరిన పిల్లలతో.

"బృందమంటె ఏంది సార్?" అని ఒకడు.

"గుంపు అన్నట్టు. ఒక్కొక్క గుంపుకు ఒక మేస్త్రీ ఉంటడు. అందరు కలిసి ప్రాజెక్టు చేస్తరు."

ఆ రోజుల్లో నల్లగొండ జిల్లాలో ప్రాజెక్టు అన్న మాటకు ఒక్కటే అర్థం. నందికొండ దగ్గర కడుతున్న కట్ట. 'వాడు ప్రాజెక్టుల ఉన్నడు', 'ప్రాజెక్టుకు పోయిండు' అంటే ఇక ఏ ఊరు, ఏ పని అని అడిగేవాళ్ళు కారు. గుంపు, మేస్త్రీ, ప్రాజెక్టు. ఆ మూడు మాటలూ ఒకే ఊపిరిలో అన్నాను. ఎదురుగా ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. చదువు మీద ఆసక్తి అనుకుని లోపల్లోపల మురిశాను.

ఇక వింతల పంపకం. పెద్దసారు ఇచ్చిన చీటీలో మొదట ఈజిప్టు పిరమిడ్లు ఉన్నాయి. వాటిని మగ్గాల వాడ గుంపుకు ఇచ్చాను. రెండో గుంపుకు ఆ చీటీలోది కాకుండా నాకు బాగా తెలిసింది ఇద్దామని, నేను చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్న మిసర్ దేశపు అహరాం ఇచ్చాను. రాజులకు కట్టిన పెద్ద పెద్ద గోరీలని, కింద వెడల్పుగా పైన మొనగా ఉంటాయని, వేలమంది కూలీలు రాళ్ళు మోశారని చెప్పాను. చెబుతుంటే ఈజిప్టులోనూ అట్లాంటివే ఉన్నట్టు తోచింది. ఇద్దరు రాజులకు ఒకే బుద్ధి పుట్టి ఉంటుందనుకున్నాను.

పని మొదలైంది. మగ్గాల వాడ పిల్లలు వెదురుబద్దలు కట్టి, వాటి మీద పాత గుడ్డ బిగించి, ఇంట్లో నూలుకు పట్టించే గంజి తెచ్చి దట్టంగా పూశారు. ఎండకు అది పలకలా బిగుసుకుంది. వేలితో కొడితే టంగుమనేది. ఈజిప్టు అట్లా లేచింది. రెండో గుంపు మేస్త్రీ ఆ పిల్లే. ఆమె మట్టి తొక్కించి, అగ్గిపెట్టెలో అద్ది, చిన్న చిన్న ఇటుకలు చేయించింది. మిసర్ అట్లా లేచింది. బడి గంటకు ముందే వచ్చేది, గంట కొట్టాక కూడా కదిలేది కాదు. తన గుంపు పిల్లల్ని నిలబడనిచ్చేది కాదు.

"జల్ది చెయ్యిండ్రి రా! గిట్ల ముక్కుకుంట చేస్తె మనల్ని ఎవ్వడు తీస్కపోతడు?"

ఎక్కడికి తీసుకుపోవాలో నేను అడగలేదు. నా దగ్గరికి వచ్చి ఆమే అడిగింది.

"సార్, ప్రాజెక్టు ఎప్పుడు సార్?"

"శనివారం."

"పక్కానా?"

"పక్కా. పెద్దసారే చెప్పిండు గద."

ఆ వారమంతా ఊళ్ళో నా గౌరవం పెరిగింది. ఎందుకు పెరిగిందో అర్థం కాక తల గోక్కున్నాను. దారిలో కనబడ్డ ఒక పెద్దమనిషి చేతులు కట్టుకుని, "సారూ, మా పెద్దోన్ని గుడ జర నీ గుంపుల ఏస్కోరాదూ" అన్నాడు.

"మీవోడు బడికే రాడు గదనే!"

"బడెందుకు సారూ, బరువు మోస్తడు. వానికి నడుము గట్టిగుంటది."

ఊళ్ళో చదువు మీద ప్రేమ ఏ దారిన పుడుతుందో ఎవరు చెప్పగలరు, సరే చూద్దామన్నాను. మరో రోజు మగ్గాల వాడ నుంచి ఒక అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఈజిప్టు గుంపులో ఒకడి నాయనమ్మ.

"ఏం సారూ, మా పిలగాడు రాళ్ళు మోసుడు పనికొస్తడా? ఇంత పుల్లలెక్కుంటడు."

"రాళ్ళెక్కడియి అవ్వా? వాళ్ళది గుడ్డతోనే కడుతున్నరు."

"గుడ్డతోని ప్రాజెక్టా? నీళ్ళెట్ల ఆగుతయి?"

"నీళ్ళెందుకు ఆగాలె? అది గోరి."

"పిల్లలతోని గోరి కట్టిస్తున్నవా! నీ నోట్ల మన్నుపొయ్య!"

అవ్వ కర్ర నేలకేసి కొట్టి వెళ్ళిపోయింది. నిజం చెప్పి తిట్లు తినడం నాకు అదే మొదలు. అబద్ధాలకు ఎప్పుడూ ఇంత జరగలేదు.

శనివారం వచ్చింది. పొద్దున్నే బడి తలుపు తీసేసరికి ఈజిప్టు సగం లేదు. కిటికీ సందులోంచి దూరిన మేక గంజి రుచికి గుడ్డంతా నాకి, ఒక మూల నమిలి పోయింది. మగ్గాల వాడ పిల్లలు లబోదిబోమంటూ మళ్ళీ గంజికి పరిగెత్తారు. పెద్దసారు వచ్చి ఈజిప్టు శిథిలాలనూ, పక్కనే ఉన్న మిసర్‌నూ మార్చి మార్చి చూశాడు.

"ఇదేంటండీ, రెండు బృందాలకీ ఒకటే ఇచ్చారూ?"

"కాద్సార్. గిది ఈజిప్టు. గది మిసర్."

ఆయన తన అట్లాసు తెచ్చాడు, నా పాత ఉర్దూ భూగోళం అడిగి తీసుకున్నాడు. రెండు పటాలూ పక్కపక్కన పరిచి, ఒక చేతి వేలు ఒక పటం మీద, ఇంకో చేతి వేలు ఇంకో పటం మీద పెట్టాడు. రెండు వేళ్ళూ ఒకే నది సముద్రంలో కలిసే చోట ఆగాయి.

ఇన్నేళ్ళూ నా బుర్రలో భూమి మీద ఒక దేశం ఎక్కువగా ఉంది.

"మరి యూనాన్ సార్?" అన్నాను మెల్లగా.

"గ్రీసండీ."

"చీన్?"

"చైనా."

"గదైతె నాకు తెలుసు సార్" అన్నాను, కాస్త ధైర్యం తెచ్చుకుని.

ఆయన నవ్వు ఆపుకుంటూ "పోనీలెండి, ఒకటి మేక తినేసింది గదా, రెండోది ఉంది" అన్నాడు.

ఆ సమయంలోనే ఆ పిల్ల వచ్చింది. తలకు నూనె రాసి, జడ బిగించి, ఉన్నవాటిలో మంచి పరికిణీ కట్టింది. నెత్తి మీద మూట. వెనకాలే తల్లి.

"సారూ, దండం" అంది తల్లి. "మూటల జొన్నరొట్టెలు కట్టిన, పండుమిరపకాయ తొక్కు పెట్టిన. వాళ్ళ నాయినకు చెప్పుండ్రి, అత్తకు మంచిగలేదని. మంచం పట్టింది, నేనెట్ల వస్త? లేకపోతె నేను గుడ నీ గుంపుల వస్తుంటి. పిల్లతోని మోపు బరువులు మోపియ్యకుండ్రి. నీళ్ళు పోసుడో, వంట కాడ ఉండుడో ఏదన్న సన్నపు పని చెప్పుండ్రి."

నేను పెద్దసారును చూశాను. పెద్దసారు నన్ను చూశాడు.

"ఏ నాయినకు? ఎక్కడ?" అన్నాను.

"ప్రాజెక్టుల సార్" అంది ఆ పిల్ల. "ఇయ్యాలనే అన్నరు గద. పక్కా అన్నరు."

అప్పుడు ఒక్కొక్కటిగా నా ముందు నిలబడ్డాయి. నడుము గట్టిగా ఉన్న కొడుకు, కర్ర కొట్టిన అవ్వ, గంటకు ముందే వచ్చి అగ్గిపెట్టెతో ఇటుకలు అద్దిన ఈ పిల్ల. పని బాగా చేస్తే తండ్రి దగ్గరికి తీసుకుపోతారనుకుంది. తన గుంపునంతా అదే ఆశ మీద నడిపించింది.

ప్రాజెక్టంటే ఆ ప్రాజెక్టు కాదనీ, నేర్చుకునే పద్ధతనీ, మిసర్ అంటే ఈజిప్టేననీ, అందుకే రెండు గోరీలు వచ్చాయనీ ఏవేవో చెప్పాను. చెప్పేకొద్దీ తల్లి ముఖంలో గాభరా ఎక్కువైంది. నాకూ మాట మాట కలవడం లేదు.

ఆ పిల్ల మూట దించి ఒడిలో పెట్టుకుంది. ఏడవలేదు. ఇటుకల గోరీ వంక చూసి, "అయితె గిదేం ప్రాజెక్టు సార్?" అంది.

జవాబు కోసం పెద్దసారు వంక చూశాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"రేపు పోతం" అన్నాను. ఎట్లా పోతామో, ఎవరి అనుమతితో పోతామో ఆలోచించలేదు. నోటికి వచ్చింది. నా నోటికి అంతకుముందు చాలా వచ్చాయి గానీ, చేసి చూపించాల్సి వచ్చింది ఇదొక్కటే.

పెద్దసారు కళ్ళద్దాలు పెట్టుకుని, "వెళ్ళి రండి. విజ్ఞానయాత్ర అనుకుందాం" అన్నాడు. ఏరిన పిల్లలందరినీ తీసుకుపోదామంటే తల్లిదండ్రులు పంపలేదు. మట్టి మోయించడానికి కాదని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అబద్ధాల పంతులు అంతగా చెబుతున్నాడంటే తప్పకుండా మట్టి మోయించడానికేనని వాళ్ళకు గట్టి నమ్మకం కలిగింది. చివరికి బయల్దేరింది నేనూ, ఆ పిల్లా, భయం తెలియని మగ్గాల వాడ పిల్లవాడొకడూ.

నల్లగొండ దాకా ఒక బస్సు, అక్కడ మారి ఇంకోటి. దుమ్ము, గుంతలు, ఎండ. దారిపొడుగునా మూట ఆ పిల్ల ఒళ్ళోనే ఉంది. ఆకలేస్తోందని పక్కవాడు రెండుసార్లు దాని వంక చూస్తే మోచేత్తో పొడిచింది. ప్రాజెక్టు ఎట్లా ఉంటుందో చెప్పమని వాడు నన్ను అడిగాడు. నేనూ చూడలేదు. గోడ మేఘాలను తాకుతుందనీ, పైన నిలబడితే మద్రాసు కనబడుతుందనీ చెప్పాను. నమ్మలేదు. తెలివైనవాడు.

అక్కడికి చేరాక చూస్తే గోడ లేదు. పెద్ద గొయ్యి ఉంది. కొండల మధ్య నది పక్క నేలను తవ్వి తవ్వి ఎక్కడికో దించారు. ఒడ్డున నిలబడి కిందికి చూస్తే మనుషులు చీమల్లా ఆడుతున్నారు. నెత్తిన తట్టలతో ఆడవాళ్ళు వరసగా ఎక్కుతున్నారు, దిగుతున్నారు. దూరంగా రాయి పేలిన చప్పుడుకు మగ్గాల వాడ పిల్లవాడు నా అంగీ పట్టుకున్నాడు. ఇంత జనంలో ఒక మనిషిని వెతకడం ఎట్లాగో నాకు తెలియలేదు. కనబడిన వాళ్ళనల్లా, నకిరేకల్ దిక్కు గుంపు ఎక్కడ అని అడిగాను. ఒకరు అటంటే ఒకరు ఇటన్నారు. ఒకాయన మాట అసలు ఏ భాషో తెలియలేదు. చివరికి గుడిసెల మధ్య రాళ్ళ పొయ్యి మీద సంకటి కలుపుతున్న ఒకామె తలెత్తింది.

"ఎవరు గావాలె?"

ఆ పిల్ల తన తండ్రి పేరూ ఊరి పేరూ గడగడా చెప్పింది.

"గాయనా? ఇయ్యాల పొద్దుగాల బస్సుకే పాయె గద!"

"ఎక్కడికి?" అన్నాను.

"ఎక్కడికంటె, ఊరికి. నిన్న మీ దిక్కోడు ఎవడో వచ్చి చెప్పిండట, మీ ఊరి సారు బడిపిల్లల్ని గుంపు కట్టి ప్రాజెక్టుల పనికి పెడుతున్నడని, ఈయన బిడ్డను మేస్త్రీ చేసిండని. రాత్రంత కన్ను మూయలే. ఆ సారును రెండు ముక్కలు చేసి వస్త అనుకుంట పోయిండు. మీరెవరు?"

"నేను... గా ఊరికే పోతుంటా" అన్నాను.

"గీయ్ననే సారు" అంది ఆ పిల్ల.

పొయ్యి చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఒకామె కళ్ళు తుడుచుకుంటూ, "ఇయ్యాల ఇక్కడనే పండుండ్రి సారూ, బతికిపోతరు" అంది.

ఆ పిల్ల నవ్వలేదు. లెక్క వేసుకుంటున్నట్టు నేల చూస్తోంది. "నాయిన ఇంటికి పోతె నేను ఉండ. నేను ఇక్కడున్ననని అమ్మ చెప్తది. మల్ల ఇక్కడికే వస్తడు. అప్పటికి మనం ఇంటికి పోతం. గంతే గద సార్?"

గంతే. దారిలో ఎక్కడో ఆయన బస్సూ మా బస్సూ ఎదురెదురుగా దాటుకుపోయాయి. మేం కదిలితే ఆయన ఇటు వస్తాడు, ఇక్కడే ఉంటే ఆయన వస్తాడో రాడో తెలియదు. కూర్చోవాలా, కదలాలా? పెద్దసారు నేర్పిన ఏ పద్ధతిలోనూ దీనికి సమాధానం లేదు. "నల్లగొండ బస్టాండుల పట్టుకోవాలె" అంది ఆ పిల్లే. ఎటుపోయినా ఎవరైనా అక్కడ బస్సు మారాల్సిందే. పరుగెత్తి అందిన బస్సెక్కాం.

నల్లగొండలో దిగేసరికి పొద్దు వాలుతోంది. బస్టాండు నిండా జనం, గంపలు, బీడీ పొగ. ఒక మూల నందికొండ వైపు పోయే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దాని మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు నేల మీద ఉంచి ఒక మనిషి కండక్టరుతో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"నాయినా!"

ఆ పిల్ల ఎప్పుడు నా చెయ్యి విడిపించుకుందో తెలియదు. మూటతో సహా పోయి ఆయన మీద పడింది. ఆయన ఒక చేత్తో ఆమెను పొదివి పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె అరచేతులు తిప్పి తిప్పి చూశాడు. బొబ్బలేమైనా ఉన్నాయేమోనని. తర్వాత తలెత్తి నన్ను చూశాడు.

"నువ్వేనా సారు?"

కాదందామనుకున్నాను గానీ పక్కన మగ్గాల వాడ పిల్లవాడు ఉన్నాడు.

"నేనే" అన్నాను.

"సదువుకోను పంపితె మట్టి పని చేపిస్తవా? నా బతుకెట్లనో గిట్లాయె, దానికి గుడ గదే రాస్తవా? ఏం సారువయ్యా నువ్వు!"

"మట్టి పనే గని గట్ల కాదు" అని మొదలుపెట్టాను. ఆ మాటతోనే చెడింది. ఆయన ముందుకు వచ్చాడు. నేను వెనక్కి జరిగాను. అహరాం, పిరమిడ్, పెద్దసారు, పద్ధతి, మేక, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆయన కోపం పోలేదు గానీ దాని పక్కన అయోమయం వచ్చి చేరింది. ఎవరిని కొట్టాలో, దేనికి కొట్టాలో తేలక చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఏందే ఈయన చెప్పేది?" అని కూతుర్ని అడిగాడు.

"సారు అబద్ధాలే చెప్తడు నాయినా. గని ఇది నిజమే. నేను బడిలనే ఉన్న. అగ్గిపెట్టెతోని ఇటుకలు చేసి రాజు గోరి కట్టినం. నిన్ను చూస్తనని కట్టిన."

ఆయన ఎత్తిన చెయ్యి దించాడు.

"మరి ప్రాజెక్టుకు ఎందుకు పోయినవ్?"

"నువ్వు ఉన్నవని."

"చూసినవా?"

"చూసిన. ఏం లేదు నాయినా ఆడ. పెద్ద గుంత."

"గుంతనా!" ఆయన గొంతు ఒక్కసారి మారింది. నా సంగతి మరిచిపోయాడు. బస్టాండు నడిమధ్యలో కూతుర్ని నిలబెట్టి, చెయ్యి ఒక దిక్కుకు చాపాడు. "గా కొండ సంది గీ కొండ దాక వస్తది కట్ట. నువ్వు చూసింది పునాది. నీళ్ళు అటు దిక్కు సముద్రమోలె నిలుస్తయి. కాల్వలల్ల పడి మన ఊరి దిక్కు పోతయి. మన జొన్న చేన్ల వరి పండుతది చూడు!"

"మన ఊరికి గుడనా?"

"మన ఊరికి గుడ."

ఇంత పెద్ద మాటలు చెప్పేవాడు ఒకడే ఉండాలి, అది నేనే అనుకుంటూ ఉన్నాను అంతవరకూ. కండక్టరు తలుపు చరిచాడు.

"ఏమయ్యా, ఎక్కుతవా దిగుతవా? బస్సు పోతాంది."

మరో వైపు నకిరేకల్ బస్సు కూడా గుర్రుమంటోంది. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. మరునాడు పొద్దున ఆయన పనికి కనబడకపోతే మేస్త్రీ ఆ జాగా ఇంకొకరికి ఇస్తాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నాకు తెలుసు. మా ఊళ్ళో గుంపు మేస్త్రీల మధ్యే పెరిగినవాణ్ణి. కూతురు చొక్కా కొస పట్టుకుని నిలబడింది. లాగడం లేదు, వదలడం లేదు.

"పోనీ" అన్నాడు ఆయన కండక్టరుతో.

నకిరేకల్ బస్సులో ముగ్గురం ఒక సీట్లో, మగ్గాల వాడ పిల్లవాడు నా ఒళ్ళో. ఇప్పుడు ఆ పిల్ల మూట విప్పింది. రొట్టెలు ఎండకు విరిగిపోయి ఉన్నాయి. తండ్రి ఒక ముక్క తొక్కులో అద్ది ముందు నాకు ఇచ్చాడు. చంపుతానన్న మనిషి చేతి రొట్టె తింటూ ఏం మాట్లాడాలో తెలియక, బాగుందన్నాను. ఆయన తల ఊపి, ఇంకో ముక్క కూతురికి ఇచ్చాడు.

చీకటి పడుతుండగా ఆ పిల్ల అడిగింది. "మల్ల ఎప్పుడు పోతవ్ నాయినా?"

"పోను బిడ్డా. ఇగ ఈడనే ఉంట."

ఆ మాట పడ్డ తీరు నేను గుర్తుపట్టాను. అంత సులువుగా, అంత నిండుగా, ఎదుటి మనిషి ముఖం చూడకుండా వచ్చే మాటలు ఎట్లాంటివో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఇంట్లో మంచం పట్టిన తల్లి, నాట్లు లేని కాలం, వానలకు ఇంకా చాలా దూరం. ఈ వారమో వచ్చే వారమో ఆయన మళ్ళీ ఆ బస్సు ఎక్కుతాడు. ఎక్కాడు కూడా.

నేను ఆ పిల్ల వంక చూశాను. నమ్మిందో లేదో చూద్దామని. కనుబొమలు ముడి పడి ఉన్నాయి. నోట్లో ప్రశ్న ఉన్నట్టే ఉంది. అడుగుతుందేమోనని నేను కాచుకుని కూర్చున్నాను. అడగలేదు. తండ్రి భుజానికి తల ఆనించి, రొట్టె ముక్క నములుతూ, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.